ఒక నాయకుడి పాత ఫైళ్ళు ఎందుకు దాచాలి?

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. "చట్టం ఎలాగూ పుస్తకంలో అచ్చయి ఉంటుంది కదా, పదవి దిగిపోయిన నాయకుడి పాత ఫైళ్ళు పెట్టెల కొద్దీ దాచడం దేనికి?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఒక మనిషి సంగతి చెబుతాను, దాంతో మీకే అర్థమవుతుంది.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం నుంచి డొనాల్డ్ ఫ్రేజర్ అనే ఆయన 1963 నుంచి 1979 వరకు ప్రతినిధుల సభలో ఉన్నారు. తర్వాత మినియాపొలిస్ నగరానికి చాలా ఏళ్ళు మేయర్‌గా చేశారు. 1973లో విదేశీ వ్యవహారాల కమిటీ కింద ఒక ఉపసంఘానికి ఆయన అధ్యక్షుడు. ఆ ఉపసంఘం మానవ హక్కుల మీద నెలల తరబడి విచారణలు జరిపింది. విదేశాంగ విధానంలో మానవ హక్కులకు పెద్ద పీట వేయాలని 1974లో నివేదిక ఇచ్చింది. సొంత ప్రజలనే చెరలో పెట్టి హింసించే ప్రభుత్వానికి అమెరికా ఆయుధాలెందుకివ్వాలి అన్న ప్రశ్న అక్కడి నుంచి గట్టిపడింది.

అదే ఏడాది, అలాంటి ప్రభుత్వాలకు సైనిక సాయం తగ్గించాలనో ఆపాలనో ఒక నిబంధన వచ్చింది. కానీ అది కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, చెప్పిన అభిప్రాయం మాత్రమే. అధ్యక్షుడు పాటించకపోయినా అడిగేవాళ్ళు లేరు. 1976లో దాన్ని గట్టి చట్టం చేయబోతే, ఆ నిబంధన ఉన్న మొదటి బిల్లును అధ్యక్షుడు ఫోర్డ్ వీటో చేశారు. మార్పులు చేసి మళ్ళీ పంపిస్తే, అదే ఏడాది జూన్ చివర సంతకం పెట్టారు.

ఇప్పుడు చట్టం పుస్తకం తెరిచి చూడండి. చివరికి నిలిచిన వాక్యమే కనిపిస్తుంది. ఎవరు ఒత్తిడి తెచ్చారు, ఏ మాట ఎందుకు మెత్తబడింది, ఎక్కడ రాజీ పడ్డారు, ఇవేవీ అందులో ఉండవు. అమెరికా, మానవ హక్కులు అనగానే చాలామంది 1977లో పదవిలోకి వచ్చిన అధ్యక్షుడు కార్టర్ పేరే చెబుతారు. ఆయనకు నాలుగేళ్ళ ముందే ఒక ఉపసంఘం ఈ పని మొదలుపెట్టిందని చూపించడానికి ఆనాటి కాగితాలు కావాలి. ఫ్రేజర్ కాగితాలు మిన్నెసోటా హిస్టారికల్ సొసైటీ అనే చరిత్ర సంస్థకు చేరాయి. అది మన అదృష్టం అనే అంటాను, ఎందుకంటే అలా చేరాలన్న రూలేమీ లేదు.

ఈ సంగతి నన్ను చాలా బాధిస్తుంది. అక్కడ 1978లో చేసిన చట్టం ప్రకారం అధ్యక్షుడి కాగితాలు ప్రజల ఆస్తి. కమిటీల రికార్డులు నేషనల్ ఆర్కైవ్స్‌కి, అంటే ప్రభుత్వ పాత రికార్డులు దాచే చోటికి, వెళ్తాయి. సభ్యుడి సొంత ఆఫీసు ఫైళ్ళు మాత్రం ఆయన సొత్తు. దాచుకోవచ్చు, ఇవ్వచ్చు, పారేయనూ వచ్చు. కాగితాలు భద్రపరచమని 2008లో ఒక తీర్మానం చేశారు గానీ, అది విన్నపమే.

పెట్టెలు చేరాక అసలు పని మొదలవుతుంది. గుండుసూదులు, క్లిప్పులు తుప్పు పట్టి కాగితం మీద ఎర్రటి మరక వేస్తాయి. రబ్బరు బ్యాండ్లు కరిగి అంటుకుంటాయి. న్యూస్‌పేపర్ కటింగ్‌లో ఆమ్లం ఉంటుంది. అది తాను పచ్చబడటమే కాకుండా పక్కనున్న ఉత్తరాన్నీ పాడుచేస్తుంది. అందుకే దాన్ని మంచి కాగితం మీద కాపీ తీసి పెడతారు. అన్నిటికన్నా భయం పాత ఫ్యాక్స్ కాగితంతో. వేడి తగిలితే నల్లబడే రకం అది, కొన్నేళ్ళకు అక్షరాలు వెలిసిపోయి తెల్లకాగితం మిగులుతుంది. ఒక జైలు గురించి వచ్చిన సమాచారం అలాంటి కాగితం మీదే ఉంటే? వెంటనే కాపీ తీయకపోతే ఆ సాక్ష్యం పోయినట్టే. ఫ్లాపీలు, ఈమెయిళ్ళదీ ఇదే టెన్షన్.

తేదీల ప్రకారం చక్కగా సర్దేయాలనిపిస్తుంది. సర్దకూడదు. ఆఫీసులో ఏ వరసలో ఉన్నాయో ఆ వరసలోనే ఉంచాలి. ఒక తల్లి రాసిన ఉత్తరం వెనకే సహాయకుడి నోట్, దాని వెనక బిల్లు చిత్తుప్రతి ఉన్నాయనుకోండి. ఆ ఉత్తరం చదివాకే బిల్లు కదిలి ఉండవచ్చని ఆ వరసే చెబుతుంది. విడదీస్తే మూడూ మూగవైపోతాయి.

వీగిపోయిన బిల్లులు, ఘాటుగా తిట్టిన ఉత్తరాలు, ఎన్నికల ఓటములు తీసేసి సన్మానాల ఫొటోలు మాత్రమే ఇవ్వాలని కుటుంబాలకు అనిపిస్తుంది. ఫ్రేజర్ కూడా 1978లో సెనేట్‌కు పోటీ చేద్దామని సొంత పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలోనే ఓడిపోయారు. అలాంటివీ ఉండాలి. ఓడిన బిల్లులో ఉన్న ఆలోచన ఇంకెప్పుడో ఇంకెవరికో పనికొస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం తొందరపడకూడదు. హింస గురించి భయపడుతూ రాసినవాళ్ళ పేర్లుంటాయి, వాళ్ళ బంధువులు ఇంకా ఆ దేశంలోనే ఉండవచ్చు. అలాంటి ఫైళ్ళను కొన్నేళ్ళు మూసి ఉంచుతారు. చింపేయరు, మూసి ఉంచుతారంతే. గడువు తీరాక తెరుస్తారు.

మీరెప్పుడైనా ఇలాంటి చోటికి వెళితే ముందు పెట్టెల జాబితా అడగండి. పెన్ను పక్కనపెట్టి పెన్సిల్ తీసుకెళ్ళండి. ఒకసారికి ఒకే ఫోల్డర్ తెరవండి, కాగితాల వరస మార్చకండి. ప్రసంగాల జోలికి తర్వాత వెళ్ళవచ్చు, మొదట చిత్తుప్రతుల ఫోల్డరే అడగండి.

మీ
తాతయ్య