ముప్పై అడుగుల రోడ్డు మీద అరవై స్పీడు

మా కాలనీ కమాను దాటగానే ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. దానికి రంగు లేదు, ముందు బోర్డు లేదు. మూడేళ్ల కిందట ఒక సాయంత్రం ట్యూషన్ నుంచి వస్తున్న ఏడో తరగతి పిల్లవాణ్ని అక్కడే ఒక బైకు గుద్దేసి ఆగకుండా వెళ్లిపోయింది. పిల్లవాడి కాలు విరిగింది. ఆ వారంలోనే పక్క వీధిలో స్లాబు వేస్తుంటే, మిగిలిన కాంక్రీటు ఓ ఇరవై తట్టలు అడిగి తెచ్చి, మేస్త్రీని బతిమాలి రాత్రికి రాత్రి రోడ్డుకు అడ్డంగా పోయించాం. తెల్లారేసరికి దాని మీద కుక్క నడిచిన గుర్తులు పడ్డాయి. అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

హైదరాబాద్ తూర్పున ఉప్పల్ దాటాక బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి వైపు ఏ కాలనీలోకి తిరిగినా ఇలాంటి దిమ్మలే కనిపిస్తాయి. ఎవరికో దెబ్బ తగిలాక కాలనీవాళ్లు తమకు తాముగా వేసుకున్నవే చాలా వరకు. ఎందుకింత స్పీడు అని అడిగితే "ఇప్పటి పిల్లలకు భయం లేదు" అంటారు. నేనూ చాలాకాలం అదే అన్నాను. కానీ ఈ రోడ్లు ఎలా పుట్టాయో, ఎలా మారాయో గుర్తు చేసుకుంటే తప్పంతా ఆ కుర్రాళ్ల మీదికే తోసెయ్యడానికి మనసు ఒప్పదు.

ఇవన్నీ ఒకప్పుడు పంచాయతీ లేఅవుట్లు. పొలాలను ప్లాట్లు చేసినప్పుడు మధ్యలో 30 అడుగుల రోడ్లు, అక్కడక్కడా 40 అడుగులవి వదిలారు. ఎవరి ప్లాటుకు వాళ్లు చేరుకోవడానికి తప్ప వాటికి వేరే పని లేదు. ఇటుకల లారీ, నీళ్ల ట్యాంకర్, పాలబ్బాయి సైకిలు, నాలుగిళ్లకో స్కూటరు. ఆ రోడ్డు మీదే ముగ్గులు, బతుకమ్మ, వినాయకుడి మండపం, పెళ్లి టెంట్లు. ఫుట్‌పాత్ కావాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. రోడ్డంతా నడిచేవాళ్లదే అయినప్పుడు పక్కన వేరే దారి ఎందుకు?

అప్పట్లో స్పీడును ఆపింది మట్టి. వానాకాలం బురద, ఎండాకాలం కంకర, ఏడాది పొడవునా గుంతలు. గేరు మారిస్తే బండి జారేది. సీసీ రోడ్డు కోసం కాలనీ సంఘాలు ఏళ్ల తరబడి వార్డు మెంబరు చుట్టూ, ఎమ్మెల్యే చుట్టూ తిరిగాయి. చివరికి రోడ్డు పడింది. కొబ్బరికాయ కొట్టి, స్వీట్లు పంచుకున్నాం. మట్టి చేసిపెట్టిన ఆ పని ఇక ఎవరు చేస్తారని ఆ రోజు ఒక్కరం కూడా ఆలోచించలేదు. అలా ఆలోచించాల్సిన ఇంజినీరింగ్ విభాగమూ రోడ్డు మందం, పొడవు చూసి బిల్లు చేసి వెళ్లిపోయింది.

ఈలోగా నగరం మా వైపు జరిగింది. 2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి జీహెచ్‌ఎంసీ, అంటే గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ, ఏర్పడింది. ఉప్పల్ అందులో కలిసింది. బోడుప్పల్, పీర్జాదిగూడ బయట ఉండిపోయి, 2019లో వేటికవే కార్పొరేషన్లయ్యాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. పోచారంలో ఐటీ క్యాంపస్‌లు వచ్చాయి. 2017 నవంబరులో మెట్రో నాగోలు దాకా వచ్చేసరికి, పొద్దున స్టేషన్‌కు పరుగెత్తే బండ్లన్నీ కాలనీల్లోంచే దారి వెతుక్కున్నాయి.

అసలు దెబ్బ కొట్టింది మాత్రం వరంగల్ హైవే. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన జరిగింది. పని ఏళ్ల తరబడి నానింది. పిల్లర్లు లేచి నిలబడ్డాయి, కింద రోడ్డు గుంతలమయమైంది. అటు వెళ్తే అరగంట, కాలనీలోంచి వెళ్తే పది నిమిషాలు. ఫోన్‌లోని మ్యాపు కూడా అదే దారి చూపిస్తుంది. ఆఫీసు టైమ్ మించిపోతున్న మనిషి హైవే మీద పోగొట్టుకున్న పది నిమిషాలను మా వీధిలో రాబట్టుకుంటాడు. అతనికి ఇది ఎవరి వాకిలీ కాదు, షార్ట్ కట్. మా ఎదురింటి పెద్దమ్మ డెబ్బై ఏళ్ల మనిషి. "ముగ్గు వెయ్యాలన్నా భయమైతుంది బిడ్డా, వంగితే లేస్తనో లేవనో" అంటుంది. ఇప్పుడు గేటు లోపలే, నాలుగడుగుల జాగాలో ముగ్గు వేస్తోంది.

బండ్లూ మారాయి. చేతక్ స్కూటర్ మీద గేరు మార్చుకుంటూ, మలుపు దగ్గర ఆలోచించి తిరిగిన తరం మా నాన్నలది. 2001లో పల్సర్ వచ్చాక మధ్యతరగతి ఇంట్లో కుర్రాడి చేతికి 150, 180 సీసీ బండి అందింది. ఇక గేర్లు లేని స్కూటర్లతో ఇంటర్ పిల్లలేం, తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా బండి తిప్పడం సులువైపోయింది. చట్టం ప్రకారం 16 ఏళ్లకు లైసెన్సు వచ్చేది 50 సీసీ మించని గేర్లెస్ బండికి మాత్రమే. ఇళ్లలో ఉన్న స్కూటర్లేమో 110, 125 సీసీవి. పెరుగు ప్యాకెట్ కోసం పిల్లవాడికి తాళాలిచ్చి పంపే తల్లిదండ్రులకు ఈ తేడా తెలియదు. 2019 సవరణ తర్వాత ఆ పిల్లవాడు ఎవరినైనా గుద్దితే తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఇది తెలిసిన ఇల్లు మా వీధిలో ఒకటో రెండో.

లైసెన్సు పరీక్షా ఈ రోడ్ల సంగతి అడగదు. నాగోలు ట్రాక్ మీద కారుకు హెచ్, ఎస్, ఎనిమిది అంకె వేయిస్తారు. బండి చేతిలో ఉందో లేదో తెలుస్తుంది. పార్క్ చేసిన కారు వెనక నుంచి బంతి దొర్లుకుంటూ వస్తే, దాని వెనకే పిల్లవాడు వస్తాడని మాత్రం ఎవరూ నేర్పరు.

స్పీడు హద్దులు కాలనీల దాకా రావడం ఇంకా ఆలస్యమైంది. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది, 1939లో మారింది, ఇప్పుడున్నది 1988 నాటిది. 2018 ఏప్రిల్‌లో కేంద్రం మున్సిపల్ హద్దుల్లో కార్లకు గంటకు 70, టూవీలర్లకు 60 కిలోమీటర్లు గరిష్ఠమని ప్రకటించింది. ఆ అంకెల్లో మా వీధికీ పెద్ద రోడ్డుకూ తేడా లేదు. 2023లో రాష్ట్ర రవాణా శాఖ జీహెచ్‌ఎంసీ పరిధిలో డివైడర్ ఉన్న రోడ్ల మీద కార్లకు 60, లేనిచోట 50, కాలనీల్లో ఏ బండికైనా 30 అని తేల్చింది. కాలనీ అనే మాట హద్దుల్లోకి రావడానికి అన్నేళ్లు పట్టింది. ఉప్పల్ చుట్టుపక్కల కాలనీల్లో నేను తిరిగినంతలో 30 అని రాసిన బోర్డు ఒక్కటీ కనబడలేదు.

ఈ 30 ఎక్కడి నుంచి వచ్చింది? నెదర్లాండ్స్‌లో డెబ్బైల్లో పిల్లల చావులు చూసి తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ఇళ్ల మధ్య వీధుల్లో నడిచేవాళ్లకే మొదటి హక్కు అని 1976లో అక్కడ నియమం చేశారు. జర్మనీలో బుక్స్‌టెహూడె అనే చిన్న ఊరు 1983లో 30 జోన్ పెట్టింది. మనుషులూ బండ్లూ కలిసి తిరిగేచోట 30 మించకూడదని 2020లో రోడ్డు భద్రత మీద దేశాలు చేసిన స్టాక్‌హోమ్ ప్రకటన చెప్పింది. లెక్క కష్టమేమీ కాదు. అరవైలో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. మనిషి చూసి, బ్రేకు మీద కాలు వేసేలోపే మా వీధిలో రెండు ఇళ్లు దాటిపోతుంది. ముప్పైలో అయితే ఎనిమిది మీటర్లు. అరవైలో తగిలితే దెబ్బలో ఉండే శక్తి ముప్పైకి రెండింతలు కాదు, నాలుగింతలు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వాటిలో 71 శాతం మరణాలు అతివేగం ఖాతాలోనివే.

జరిమానాలతో అదుపు చేయాలని ప్రయత్నాలు జరగలేదని కాదు. 2017 ఆగస్టులో తెలంగాణలో పెనాల్టీ పాయింట్లు మొదలయ్యాయి. 12 చేరితే లైసెన్సు సస్పెండ్ అన్నారు. ఈ-చలాన్లు ఇంటికొచ్చాయి. కానీ పెండింగ్ చలాన్ల మీద టూవీలర్లకు 2022 మార్చిలో 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం తగ్గింపు ఇచ్చారు. అప్పటి నుంచి మా వీధి కుర్రాళ్లు చలాన్ రాగానే కట్టడం మానేశారు. "మళ్లీ ఆఫర్ వస్తది అంకుల్" అంటారు. స్పీడ్ గన్ ఉండేది పెద్ద రోడ్ల మీద. కాలనీలో స్పీడ్ గన్ పట్టుకున్న పోలీసును నేనింతవరకు చూడలేదు.

అందుకే అందరూ స్పీడ్ బ్రేకర్ దగ్గరికే వచ్చి ఆగుతారు. దానికీ ఒక కొలత ఉంది. రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే చెప్పింది: 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, పైన గుండ్రం, గంటకు 25 కిలోమీటర్లలో పోయే బండి కుదుపు లేకుండా దాటేలా. మేం వేసింది అడుగు వెడల్పు, జానెడు ఎత్తు. కార్ల అడుగు గీసుకుంటుంది. ఆటోలో వెళ్లే గర్భిణి ఎగిరి పడుతుంది. పైగా వాన నీరు పోవడానికి రెండు పక్కలా జానెడేసి ఖాళీ వదిలాం. బైకులు నెమ్మదించకుండా ఆ సందులోంచే దూసుకుపోతున్నాయి, సరిగ్గా పిల్లలు కూర్చునే గేటు అరుగుల పక్క నుంచి. ఒక పిల్లవాణ్ని కాపాడదామని వేసిన దిమ్మ బండ్లను ఇంకో నలుగురు పిల్లల దగ్గరికి తోసింది. ఆ సంగతి మాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది.

ఇప్పుడు మా వీధికి కొత్త సీసీ రోడ్డు మంజూరైంది. పాత దిమ్మను తవ్వేస్తారు. ఈసారి కొలత ప్రకారం బ్రేకర్, తెల్ల గీతలు, ముందే 30 బోర్డు ఎస్టిమేట్‌లోనే ఉండాలని సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చాం. 3.7 మీటర్లంటే ఎంతో ఎవరికీ అంచనా అందక, ఆదివారం పొద్దున టేపు పట్టుకుని సుద్దముక్కతో రోడ్డు మీద గీశాం. దాదాపు పన్నెండు అడుగులు, ఒక కారు పొడవంత. కాలు విరిగిన ఆ పిల్లవాడు, ఇప్పుడు టెన్త్, టేపు రెండో కొస పట్టుకున్నాడు. సాయంత్రానికి ట్యాంకర్ నీళ్లు కారి గీతలు చెరిగిపోతే, మళ్లీ గీశాం.