షీటు ముందా, వార్డు ముందా? కృత్రిమ చర్మం వెనక కథ

2013 అక్టోబరు 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరులో అదే హైదరాబాద్–బెంగళూరు రోడ్డు మీద, కర్నూలు దాటాక చిన్నటేకూరు దగ్గర మరో బస్సు కాలిపోయింది. దాంతో పాలమూరు, నల్లగొండ వైపు పాత ప్రశ్న మళ్లీ లేచింది. ముఖం కాలినవాళ్లకు కృత్రిమ చర్మం మన ప్రభుత్వాసుపత్రుల్లో ఎందుకు దొరకదు?

తెగిన ముక్కుకు చర్మం అతికించిన ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడి దగ్గర నుంచి మొదలుపెట్టాల్సిన పనిలేదు, ఆ సంగతి అందరికీ తెలిసిందే. కాలిన గాయాల వైద్యంలో అసలు మలుపు 1970లో వచ్చింది. వచ్చింది కూడా ల్యాబ్‌లో కాదు, ఆపరేషన్ థియేటర్‌లో. అప్పటిదాకా కాలిన చర్మం దానంతటదే ఊడిపోయేదాకా వారాల తరబడి ఆగేవారు. ఆలోపు చీము పట్టి ఎంతోమంది పోయేవారు. నేటి స్లొవేనియాలోని మరిబోర్‌లో జోరా యాన్‌జెకోవిచ్ అనే డాక్టరమ్మ ఆగలేదు. మొదటి కొన్ని రోజుల్లోనే చచ్చిన చర్మాన్ని పొరలు పొరలుగా చెక్కి, కింద రక్తం చెమర్చగానే ఆపి, అప్పటికప్పుడే రోగి తొడ నుంచో వేరేచోటు నుంచో తీసిన చర్మం వేసింది. ఈ పద్ధతి పాకాక కొత్త చిక్కు వచ్చింది. ఒళ్లంతా కాలినవాడికి కప్పడానికి చర్మం ఎక్కడిది?

తర్వాత వచ్చినవన్నీ ఆ చిక్కు విప్పడానికి పనికొచ్చినవే. 1975లో అమెరికాలో రైన్‌వాల్డ్, గ్రీన్ మనిషి చర్మకణాలను గాజు పాత్రలో పెంచారు. కానీ ఆ పొర తయారవడానికే మూడు వారాలు పట్టేది. 1981లో బర్క్, యాన్నాస్ ఆవు స్నాయువు నుంచి తీసిన కొలాజెన్ అనే ప్రొటీన్‌ను, సొరచేప మృదులాస్థి నుంచి తీసిన పదార్థాన్ని కలిపి, పైన సిలికాన్ పొర వేసి షీటు చేశారు. కృత్రిమ చర్మం అంటే ఇదే. 1996లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. పేషెంటు సొంత కణాలు ఆ షీటులోకి పాకి కింద కొత్త పొర కడతాయి. రెండు మూడు వారాలకు సిలికాన్ తీసేసి, పైన పల్చటి సొంత చర్మం వేయాలి. అంటే రెండు ఆపరేషన్లు. చచ్చిన చర్మం శుభ్రంగా తీయకపోయినా, చీము పట్టినా షీటు నిలవదు. నిలిచినా దాని మీద వెంట్రుకలు రావు, చెమట పట్టదు.

ముఖం దగ్గర లెక్క వేరు. అక్కడ రక్తప్రసరణ ఎక్కువ కాబట్టి పైపైన కాలింది తనంతట తానే మానుతుంది. అందుకే సర్జన్లు పది, పద్నాలుగు రోజులు చూస్తారు. మూడు వారాలకూ మానదనిపించిన చోటనే చర్మం వేస్తారు. అప్పుడు కూడా మెడ, తల భాగాల చర్మమే రంగు కలుస్తుంది. ఈ ఆగే రోజుల్లో పుండును కప్పే నర్సులు లేకపోతే మచ్చ గట్టిపడి కనురెప్పను కిందికి లాగేస్తుంది. రెప్ప మూసుకోక నల్లగుడ్డు ఎండిపోతుంది.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2016లో ఇక్కడికి, 2019లో నల్లగొండకు మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఇవన్నీ ఉన్నాయి కాబట్టి షీట్లు తెప్పించండి, ఖర్చు ప్రభుత్వం భరించాలి అన్నది ఒక వాదన. బిడ్డ ముఖం చూసి ఏడ్చే తల్లి ఆ మాట అనకపోతే ఎవరంటారు? అందులో న్యాయముంది.

కానీ కాలిన గాయాల వార్డుల్లో పనిచేసినవాళ్ల మాట ఎక్కువసేపు వినాలి. దేవరకొండ దగ్గరి తండా నుంచో, అచ్చంపేట నుంచో మనిషి ముందు ఊరి ఆస్పత్రికి, అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి పట్నానికి రెఫర్ అవుతూ పోతాడు. పుండు మీద అప్పటికే టూత్‌పేస్టో, ఇంకోటో పూసి ఉంటుంది. కాలిన వెంటనే ఇరవై నిమిషాలు చల్లని నీళ్లు పోయాలి, ఆ పని కూడా జరిగి ఉండదు. ఇన్‌ఫెక్షన్ వచ్చాక ఎంత ఖరీదైన షీటు వేసినా ఊడిపోతుంది. ముందు కావాల్సింది జిల్లాలో బర్న్స్ వార్డు, దాన్ని నడిపే ప్లాస్టిక్ సర్జన్, పుండు కప్పడం తెలిసిన నర్సులు.

వాళ్లు చెప్పేది ఇంకొకటి ఉంది. 2021లో ఉస్మానియాలో స్కిన్ బ్యాంకు వచ్చింది. చనిపోయినవారి తొడలు, వీపు నుంచి పల్చటి పొర తీస్తారు. ముఖం జోలికి పోరు, బ్లడ్ గ్రూపు కలవాల్సిన పనీ లేదు. ఆ చర్మం శాశ్వతంగా అతుక్కోదు గానీ, రెండు మూడు వారాలు పుండును కాపాడుతుంది. షీటు ఖర్చులో ఇది చిన్న వంతు. కాకపోతే చనిపోయిన ఆరు గంటల్లోపే సేకరించాలి. నల్లగొండలోనో పాలమూరులోనో చనిపోయినవారి కుటుంబం సరేనన్నా, హైదరాబాద్ నుంచి మనుషులు బయల్దేరి వచ్చేసరికి అందులో విలువైన సమయం రోడ్డు మీదే పోతుంది. ఆ పని నేర్చిన ఇద్దరు ముగ్గురు టెక్నీషియన్లను జిల్లా ఆస్పత్రిలోనే పెట్టమని అడుగుతున్నది ఇందుకే.