జర్మన్ మొదటి సెమిస్టర్: అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో జర్మన్ చదువు కొత్తగా వచ్చిందేమీ కాదు. తార్నాకలోని ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) 1958లో ఇంగ్లీషు బోధన సంస్థగా మొదలైంది. 1972లో జర్మన్, ఫ్రెంచ్, రష్యన్ కూడా చేరాయి. ఇప్పుడు డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ జర్మన్ ఎలెక్టివ్‌గా దొరుకుతోంది, బంజారాహిల్స్‌లో జర్మన్ నేర్పే గోతె సెంట్రుమ్ ఉంది. చేరేవాళ్లకు కొదవ లేదు. చేరేముందు విన్న మాటల్లో సగం తప్పులుండటమే చిక్కు. ఆ తప్పుల వల్ల క్లాసులో ఏం జరుగుతుందో చెప్పడానికే ఇది.

అపోహ: ఒక సెమిస్టర్ పూర్తిచేస్తే ఏ1, అంటే భాషా స్థాయిల్లో మొదటిది, వచ్చేసినట్టే.

లెక్క వేసి చూడండి. ఏ1 స్థాయికి 45 నిమిషాల పాఠాలు 80 నుంచి 200 వరకు పడతాయని జర్మన్ పరీక్షలు పెట్టే గోతె ఇన్‌స్టిట్యూట్ చెబుతుంది. ఎలెక్టివ్ సబ్జెక్టుకు సాధారణంగా వారానికి మూడు, నాలుగు పీరియడ్లు ఉంటాయి. పదిహేను వారాలకు 45 నుంచి 60. అందులో దసరా సెలవులు, ఇంటర్నల్ పరీక్షలు, ఫెస్టులు తీసేయండి. మిగిలేవి కనీస సంఖ్యకు కూడా చేరవు.

మీ సిలబస్ ఎక్కడ ఆగుతుందో ముందే చూసుకోవచ్చు. కర్మకారకం దగ్గరే ఆగితే (పుంలింగ పదం ముందు వచ్చే డేర్ కాస్తా డేన్‌గా మారడం) అది సగం ఏ1. కోరిక, అవసరం చెప్పే సహాయక క్రియలు, 'కి/కు' అర్థమిచ్చే రూపాలు, జరిగిపోయిన పని చెప్పడం కూడా ఉంటే దాదాపు పూర్తి ఏ1.

ఇంకోమాట. యూనివర్సిటీ ఇచ్చే క్రెడిట్లు వేరు, ఏ1 సర్టిఫికెట్ వేరు. సెమిస్టర్ పరీక్షలో ఖాళీలు పూరించి, విభక్తి పట్టికలు రాసి మంచి గ్రేడు తెచ్చుకోవచ్చు. గోతె ఏ1 పరీక్షలో పట్టిక రాయమని ఎవరూ అడగరు. వినడానికి సుమారు 20 నిమిషాలు, చదవడానికి 25, రాయడానికి 20, మాట్లాడటానికి 15 ఉంటాయి. నాలుగింటికీ సమాన విలువ. 100కు 60 వస్తే పాస్. ఒక భాగంలో పోతే అది ఒక్కటే మళ్లీ రాసే వీలు ఏ1లో లేదు, మొత్తం రాయాలి. రాతలో ఒక ఫారం నింపాలి, తర్వాత ఇచ్చిన మూడు విషయాలు కలిపి సుమారు 30 మాటల్లో చిన్న సందేశం రాయాలి. మూడింటిలో ఒకటి మరిచిపోతే, మిగతా రెండూ ఎంత చక్కగా రాసినా మార్కులు పోతాయి.

అపోహ: ఇంగ్లీషు బాగా వస్తే జర్మన్ సగం వచ్చినట్టే.

హౌస్, హంట్ (చేయి), ఫింగర్ లాంటి మాటల వరకు నిజమే, రెండూ ఒకే కుటుంబం. తర్వాత ఆ చుట్టరికమే ముంచుతుంది. 'విల్' అంటే కావాలి అని, భవిష్యత్తు కాదు. 'బెకొమెన్' అంటే దొరకడం, అవడం కాదు. 'వేర్' అంటే ఎవరు, 'వో' అంటే ఎక్కడ. 'గిఫ్ట్' అంటే విషం.

వాక్యం దగ్గర నష్టం ఇంకా ఎక్కువ. "ఈరోజు నేను తార్నాక వెళ్తున్నా" అని ఇంగ్లీషు వరుసలో చెబితే జర్మన్‌లో తప్పు. మామూలు వాక్యంలో క్రియ ఎప్పుడూ రెండో స్థానంలో ఉండాలి. 'ఈరోజు' ముందుకొస్తే రెండోది క్రియ, కర్త మూడోది: "హోయ్‌టె గేయె ఇహ్ నాఖ్ తార్నాక." మొదటి సెమిస్టర్ జవాబు పత్రాల్లో ఎర్రగీతలు ఎక్కువ పడేది ఇక్కడే.

మన క్లాసుల్లో జర్మన్‌ను ఇంగ్లీషు మీదుగా చెప్పడం అలవాటైపోయింది. దానివల్ల, తెలుగులో చేతికందేంత దూరంలో ఉన్న విషయాలు కూడా కొత్త నియమాల్లా కంఠస్థం చేయాల్సి వస్తోంది. ఇవి చూడండి.

"నాకు చలిగా ఉంది." ఇంగ్లీషులో ఇక్కడ 'నేను' వస్తుంది. జర్మన్‌లో మనలాగే 'నాకు': "మియర్ ఇస్ట్ కల్ట్." "నాకు నచ్చింది" కూడా అంతే: "డస్ గెఫెల్ట్ మియర్." తెలుగు మీదుగా వెళ్తే ఇందులో వివరించడానికే ఏమీ లేదు. ఇంగ్లీషు మీదుగా వెళ్తే "నేను చల్లగా ఉన్నాను" అని రాసి, జర్మన్ వాళ్లకు ఇంకేదో అర్థం తోచేలా చేస్తారు.

"కాఫీ తాగడం" అంటే 'కఫే ట్రింకెన్'. "జర్మన్ నేర్చుకోవడం" అంటే 'డోయ్‌చ్ లెర్నెన్'. వరుస మనదే, ముందు వస్తువు, చివర పని. కోరిక చెప్పే 'మోహ్‌టె' లాంటి సహాయక క్రియ రెండో స్థానంలోకి రాగానే అసలు పని వాక్యం చివరికి పోతుంది. కారణం చెప్పే 'వైల్' భాగంలోనూ క్రియ చివరే: "వైల్ ఇహ్ క్రంక్ బిన్." ఒంట్లో బాగాలేదు కాబట్టి, అన్నట్టే. ఇంగ్లీషు మాత్రమే తలలో ఉన్నవాళ్లకు ఇది పిల్లిమొగ్గలా ఉంటుంది, మనకు కాకూడదు.

నువ్వు, మీరు తేడా కూడా ఉంది: 'డూ', 'జీ'. కాకపోతే రెండు చోట్ల తెలుగు అలవాటు తప్పు దారి పట్టిస్తుంది. ఇంట్లో తాతయ్యనైనా జర్మన్లు 'డూ' అనే అంటారు. ఇద్దరు స్నేహితులతో ఒకేసారి మాట్లాడితే మనం 'మీరు' అంటాం, వాళ్లు 'జీ' అనరు, 'ఈయర్' అంటారు. దానికి క్రియారూపం వేరే.

తెలుగు సాయపడనివీ ఉన్నాయి. "నేను విద్యార్థిని" అన్నప్పుడు మనకు క్రియ అక్కర్లేదు, అక్కడ 'బిన్' తప్పనిసరి. నామవాచకానికి ముందు డేర్, ఐన్ (ఇంగ్లీషు 'ద', 'ఎ') లాంటి మాట పెట్టే అలవాటు మనకు అసలే లేదు. విడిపోయే క్రియలూ అంతే. లేవడం 'ఔఫ్‌ష్టేయెన్', వాక్యంలోకి రాగానే రెండు ముక్కలై ఒకటి చివరికి పోతుంది: "ఇహ్ ష్టేయె ఉమ్ జెక్స్ ఔఫ్." చివరి ముక్క మరిచిపోతే 'ఆరింటికి లేస్తాను' కాస్తా 'ఆరింటికి నిలబడతాను' అవుతుంది.

అపోహ: డేర్, డీ, డస్‌లకు లెక్కాపత్రం లేదు. అవి లేకపోయినా అర్థమవుతుంది, వదిలేయొచ్చు.

లెక్క చాలావరకు ఉంది. -ఉంగ్, -హైట్, -కైట్, -షఫ్ట్, -త్సియోన్‌తో ముగిసేవి స్త్రీలింగం: డీ త్సైటుంగ్ (వార్తాపత్రిక), డీ ఫ్రైహైట్ (స్వేచ్ఛ). చిన్నదనం చెప్పే -హెన్, -లైన్ ఉంటే నపుంసకం. అందుకే అమ్మాయి, 'మేట్‌హెన్', డస్ అయింది. వారంలోని రోజుల పేర్లు, నెలలు, రుతువులు పుంలింగం. రెండు మూడు మాటలు కలిసిన పొడవాటి పదానికి లింగం చివరి మాటదే, తత్పురుష సమాసంలో అర్థం ఉత్తరపదం మీద ఆధారపడినట్టు. మిగిలినవి బట్టీ పట్టాల్సిందే.

తెలుగులో లింగం మనిషిని, వస్తువును చూసి వస్తుంది. అక్కడ మాటను చూసి వస్తుంది. "బల్ల మగదెలా అయింది?" అని అడిగితే జవాబు లేదు. మగది అయింది 'టిష్' అనే మాటే.

వదిలేస్తే ఏమవుతుందంటే, మొదటి నెలన్నర ఏమీ కాదు. తర్వాత కర్మకారకం పాఠం వస్తుంది. నిజానికి అది చాలా సులువు, పుంలింగం ఒక్కటే మారుతుంది: డేర్ డేన్ అవుతుంది, ఐన్ ఐనెన్ అవుతుంది. "ఇహ్ హాబె ఐనెన్ బ్రూడర్." డీ, డస్ కదలవు. కానీ ఏ మాట పుంలింగమో తెలియనివాళ్లకు ఈ ఒక్క మార్పూ గుడ్డిగా వేసే బాణమే. సెమిస్టర్ మధ్యలో కొందరు ఈ పాఠం దగ్గరే క్లాసు మానేస్తారు. అసలు కారణం మొదటి వారంలో రాసుకున్న నోట్సు.

కాబట్టి ఉత్త 'టిష్ = బల్ల' అని రాయొద్దు. 'డేర్ టిష్, డీ టిషె' అని ఏకవచనం, బహువచనం కలిపి రాయండి. మూడు లింగాలకు మూడు రంగుల పెన్నులు వాడండి, చిన్నపిల్లల పనిలా అనిపించినా సరే. పైకి చదివేటప్పుడు కూడా ముందుమాటతో కలిపే చదవాలి. రోజుకు ఎనిమిది, పది మాటలు చాలు. గోతె ఏ1 పదజాబితాలో ఉన్నవి సుమారు 650 మాటలే.

అపోహ: ఉచ్చారణ తెలుగులో రాసుకుంటే సరిపోతుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడం కంటే నయమే. హ్రస్వం, దీర్ఘం తేడా తెలుగు లిపి కచ్చితంగా పట్టిస్తుంది. 'ష్టట్' అంటే నగరం, 'ష్టాట్' అంటే రాజ్యం. 'డస్'ను 'డాస్' అని సాగదీసే అలవాటు కూడా తెలుగులో సరిగ్గా రాసుకుంటే పోతుంది. జర్మన్ జడ్ అక్షరం పలికే 'త్స' మనకు పుట్టుకతో వచ్చిందే. 'చాలా', 'చుక్క' అనేటప్పుడు చాలామంది నోట వచ్చే దంత్య 'చ' అదే. త్సేన్ (పది), త్సైట్ (సమయం) అనడానికి అది చాలు.

తెలుగు లిపి చేతులెత్తేసేది మూడు చోట్ల. ఇంగ్లీషు యూ మీద రెండు చుక్కలున్న అచ్చు: పెదాలు 'ఊ'కు పెట్టినట్టు గుండ్రంగా చుట్టి, లోపల నాలుకతో 'ఈ' అనండి. ఓ మీద చుక్కలుంటే పెదాలు 'ఓ', నాలుక 'ఏ'. అద్దం ముందు చేయండి, పెదాలు కదిలితే తప్పు. ఈ చుక్కలు అలంకారం కాదు: 'షోన్' అంటే అప్పుడే, చుక్కలు పెడితే అందమైన అని.

మూడోది సీహెచ్. ఆ, ఓ, ఊ, ఔల తర్వాత అది గొంతు దగ్గరి ఒరిపిడి. పాతబస్తీ ఉర్దూలో 'ఖబర్', 'ఖతం' అన్నప్పుడు వినిపించే ఖ. ఇతర అచ్చుల తర్వాత వేరు: నాలుకను 'య' చోట ఉంచి, గొంతు పలికించకుండా గాలి వదలాలి. దాన్ని ఇక్కడ 'ఇహ్' అని రాశాం, సరైన అక్షరం లేక. 'ఇష్' అన్నా అర్థమవుతుంది, 'ఇక్' అంటే ఓ ప్రాంతం యాస.

మాట చివర 'ఉ' చేర్చే మన అలవాటును మొదటి వారంలోనే వదలాలి. బస్సు కాదు, 'బుస్'. చివర బీ, డీ, జీ ఉంటే ప్, ట్, క్ అని పలుకుతారు. రోజు అనే మాట రాతలో జీతో ముగిసినా పలికేది 'టాక్'.

పేరును అక్షరాలు విడదీసి చెప్పమని మౌఖిక పరీక్షలో అడుగుతారు. అక్కడ ఇంగ్లీషు అలవాటు బయటపడుతుంది. జర్మన్ అక్షరమాలలో ఏ 'ఆ', ఈ 'ఏ', ఐ 'ఈ'. వీ 'ఫౌ', డబ్ల్యూ 'వే', జే 'యొట్', వై 'ఉప్సిలోన్'. రెడ్డి అయితే: ఎర్, ఏ, డే, డే, ఉప్సిలోన్. మీ పేరు, ఇంటిపేరు ఆగకుండా వచ్చేదాకా చెప్పుకోండి, ఈ మార్కులు ముందే చేతిలో ఉన్నట్టు.

అపోహ: అంకెలు, టైం చెప్పడం మొదటి వారం పాఠాలు, వాటితో ఇబ్బంది ఉండదు.

వినికిడి పరీక్షలో మార్కులు పోయేది వీటి దగ్గరే. 34ను 'ఫియర్-ఉంట్-డ్రైసిహ్' అంటారు, అంటే నాలుగూ ముప్పై. వినగానే చేయి 43 రాసేస్తుంది. రెండో అంకె వినేదాకా పెన్ను పెట్టకపోవడం ఒక ఉపాయం. మొదటి అంకెను ఒకట్ల స్థానంలో వేసి ముందు ఖాళీ వదలడం ఇంకోటి.

టైం ఇంకా మోసం. 'హల్ప్ డ్రై' అంటే మూడున్నర కాదు, రెండున్నర. మూడుకు సగం దారిలో ఉన్నామని. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ సగం కలుపుతాం కాబట్టి ఏ భాషా సాయం రాదు. పైగా వినే పరీక్షలో రెండో భాగం, స్టేషన్లలో, షాపుల్లో వినిపించే ప్రకటనలు, ఒక్కసారే వినిపిస్తారు. మిగతా రెండు భాగాలు రెండుసార్లు. రోజూ పది ఫోన్ నంబర్లు, ధరలు ఎవరిచేతనైనా చదివించుకుని రాయడం కంటే మంచి అభ్యాసం లేదు.

అపోహ: యాప్ ఉంటే క్లాసు ఎందుకు?

మాటలు గుర్తుపెట్టుకోవడానికి యాప్ మంచిదే. ఎదుటి మనిషి అడిగిన ప్రశ్నకు మూడు క్షణాల్లో వాక్యం కట్టడం అందులో రాదు. హోంవర్క్ అనువాద యాప్‌తో చేయిస్తే టీచరుకు వెంటనే తెలుస్తుంది: ఆరో పాఠంలో ఉన్న విద్యార్థి రాతలో పద్దెనిమిదో పాఠం వ్యాకరణం కనబడుతుంది.

అపోహ: ఏ1 ఉంటే జర్మనీ దారి తెరుచుకున్నట్టే.

దేనికోసం అన్నదాన్ని బట్టి. జీవిత భాగస్వామి వీసాకు సాధారణంగా ఏ1 అడుగుతారు, ఈయూ బ్లూ కార్డు (నిపుణ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) ఉన్నవారి భాగస్వాములకు మినహాయింపు. 2024 జూన్‌లో మొదలైన ఛాన్సెన్‌కార్టెకు పాయింట్ల పద్ధతిలో జర్మన్ ఏ1 లేదా ఇంగ్లీషు బీ2 (ఏ1తో మొదలెడితే నాలుగో స్థాయి) కనీస అర్హత. అది ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే అనుమతి, ఉద్యోగం కాదు. జర్మన్ మాధ్యమంలో డిగ్రీ చదవాలంటే సాధారణంగా టెస్ట్‌డాఫ్ అనే భాషా పరీక్షలో నాలుగు భాగాల్లోనూ 4, లేదా యూనివర్సిటీలే పెట్టే డీఎస్‌హెచ్ పరీక్షలో 2వ స్థాయి కావాలి. ఏ1 నుంచి అక్కడికి చాలా సెమిస్టర్ల దూరం. ఇంగ్లీషు మాధ్యమం ఎంఎస్‌కు జర్మన్ అడగకపోవచ్చు, ఇల్లు వెతుక్కునేటప్పుడు, పార్ట్‌టైం పనికి వెళ్లినప్పుడు అవసరం తెలుస్తుంది.

పరీక్షకు దరఖాస్తు చేసేటప్పుడు పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఇవ్వండి. ఇంటిపేరును పొడి అక్షరంగా రాసే అలవాటు మనకుంది, జర్మన్ ఫారంలో 'ఫమీలియెన్నామె' గడిలో పొడి అక్షరం పెడితే తర్వాత వీసా కాగితాలతో సరిపోలదు. సర్టిఫికెట్‌కు గడువు లేకపోయినా, అడిగేవాళ్లు ఇటీవలిదే కావాలనవచ్చు. అందుకే రెండేళ్ల తర్వాతి ప్రయాణం కోసం ఇప్పుడే ఫీజు కట్టేముందు, ఎవరికి ఇవ్వాలో వాళ్ల నిబంధన చదవండి.