పొట్ట మీద పలకలు ఎప్పుడొచ్చాయి?

రోడ్డు పక్కన లేపే సిమెంటు ఆంజనేయస్వామికి పొట్ట మీద ఆరు పలకలు (సిక్స్‌ప్యాక్) పెట్టాలా, వద్దా? అనంతపురం, కర్నూలు, కడప పల్లెల్లో విగ్రహానికి చందాలు పోగవుతుండగానే ఈ వాదన మొదలవుతుంది. కుర్రాళ్లు ఫోన్‌లో బొమ్మ చూపించి ఇట్లాగే కావాలంటారు. పెద్దలు ఇది శాస్త్రం కాదంటారు. పాత శిల్పులకు కండలు చెక్కడం చేతకాలేదనే మాటా వినబడుతుంది. చేతకాక కాదు, వాళ్లు కొలిచింది వేరే.

గుంతకల్లు దగ్గర కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామినే చూడండి. 16వ శతాబ్దంలో మాధ్వ యతి వ్యాసరాయలు ప్రతిష్ఠించాడని సంప్రదాయం చెబుతుంది. స్వామి పక్కకు తిరిగి ఉంటాడు, మనకు కనబడేది ఒక కన్నే. ‘నెట్టికంటి’ అనే పేరుకు చెప్పే వివరణల్లో ఈ ఒంటికన్ను ఒకటి. రాతి పలక మీద లోతు తక్కువగా చెక్కే బొమ్మకు పక్కచూపే అనువు: అడుగు ముందుకు పడటం, తోక పైకి లేవడం ఎదురుగా నిలబెడితే కనబడవు. అలాంటి బొమ్మలో బలమంతా బయటిగీతలోనే ఉంటుంది, లోపల గాట్లు అక్కర్లేదు.

ఇక పాత శిల్పుల కొలత. దాని పేరు తాళం. తాళమంటే ముఖం పొడవు, నుదుట జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం కొస దాకా. దానికి 12 అంగుళాలు. ఇది టేపు మీది అంగుళం కాదు, ఆ విగ్రహం ఎత్తులోంచే పుట్టే దేహాంగుళం. నవతాళంలో, అంటే తొమ్మిది తాళాల ఎత్తులో, ముఖం 12, మెడ 4, మెడ నుంచి రొమ్ముకు 12, అక్కణ్నుంచి బొడ్డుకు 12, బొడ్డు నుంచి మర్మస్థానానికి 12, తొడ 24, మోకాలు 4, పిక్క 24, పాదం ఎత్తు 4. కూడితే 108. పెద్ద దేవుళ్లకు వాడే ఉత్తమ దశతాళం (పది తాళాల కొలతల్లో పెద్దది) 124 అంగుళాలు, అందులో నడినెత్తికి 4 కలుస్తాయి. వినాయకుడు పంచతాళం, భూతగణాలు చతుస్తాళం. ఎవరి స్థాయి ఎంతో దేహం పొడవే చెప్పేస్తుంది.

తాళాన్ని తలకాయగా లెక్కేసి ‘తొమ్మిది తలల ఎత్తు’ అనేవాళ్లున్నారు. తప్పు. తల అంటే నడినెత్తి నుంచి గడ్డం దాకా, ఆ లెక్కన మామూలు మనిషి సుమారు ఏడున్నర తలలు. జుట్టు మొదలు నుంచి ముఖం కొలిచే పద్ధతి రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్‌ది కూడా, ఆయన లెక్కలో అది మనిషి ఎత్తులో పదో వంతు. 1490 ప్రాంతంలో లియొనార్డో డావిన్చి గీసిన వృత్తంలోని మనిషికి ఆధారం ఆ లెక్కలే.

పని చెడేది ఎక్కువగా భాగహారంలో. 6 అడుగుల రాయి ఉందనుకోండి, టేపు మీద 72 అంగుళాలు. పీఠానికి 9, కిరీటానికి 9 తీసేస్తే దేహానికి మిగిలేది 54. దాన్ని 108తో భాగిస్తే దేహాంగుళం అరంగుళం. ముఖం 6, తొడ 12. పీఠం, కిరీటం తీయకుండా 72నే భాగించినవాడికి ముఖం 8 వస్తుంది. పైనుంచి చెక్కుకుంటూ దిగాక కాళ్లకు 18 అంగుళాల రాయి తక్కువ పడుతుంది. అప్పుడు దేవుడు మరుగుజ్జే.

ఈ లెక్కలన్నీ కీళ్లకే, కండలకు కాదు. ఒళ్లు నింపేది పోలికలతో: ఏనుగు తొండంలాంటి చేయి, శంఖంలాంటి మూడు ముడతల మెడ, సింహపు నడుము, మోకాళ్లను తాకే బాహువులు. ‘ఆజానుబాహువు’ అని ఇప్పటికీ అంటున్నామంటే ఆ కొలత నోట్లో మిగిలిపోయినందుకే. బొడ్డు కింద కాస్త నిండుగా ఉంచడం ఊపిరి నింపుకున్న దేహానికి గుర్తు. పలకలు తేలాలంటే పొట్ట బిగబట్టాలి, బిగబట్టినవాడు ప్రశాంతంగా కనబడడు.

పైగా ఇది కరువు సీమ. 1876–78 ధాత కరువులో బ్రిటిష్ సైనికాధికారి విల్లోబీ హూపర్ మద్రాసు ప్రెసిడెన్సీలో తీసిన ఫొటోల్లో మనుషులు ఎముకల గూళ్లు. పనిచేసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని సర్కారు తేల్చిన కాలం. ఒంటి మీద కొవ్వు లేకపోవడం ఇక్కడ అందమెట్లా అవుతుంది?

లేపాక్షి గుడి కప్పు మీది బొమ్మల్లో 16వ శతాబ్దపు పెద్దమనుషుల తలల మీద కుళ్లాయిలు, అంటే పొడవాటి టోపీలు, కనిపిస్తాయి. కుళ్లాయి పారసీక ‘కులాహ్’, కబాయి, అంటే పొడవు అంగీ, అరబ్బీ ‘ఖబా’. దర్బారులో హోదా చెప్పే పని ఒంటి నుంచి బట్టకు మారింది. అయితే తిరుమలలోని కృష్ణదేవరాయల లోహ విగ్రహం ఛాతీ మీద వస్త్రం లేదు, తల మీద కుళ్లాయి మాత్రం ఉంది. దేవుడి ముందు ఒక రకం, కొలువులో ఇంకో రకం.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల్లోనూ కండలకు చోటు లేదు. మేకతోలును వెంట్రుక పోయేలా గీకి, సాగదీసి ఆరబెట్టి, వెలుతురు దాటేంత పలుచగా చేస్తారు. నగలు చిల్లులతో వస్తాయి, కదలిక భుజం, మోచేయి, మోకాలి కీళ్లలో ఉంటుంది. కీలు ముడి బిగిస్తే చేయి లేవదు, వదులైతే వేలాడుతుంది.

వెలుగునీడలతో దిద్దిన దేహం అచ్చు బొమ్మలతో ఇంటింటికీ చేరింది. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టాడు. దేవతల చర్మానికి మెత్తదనం, నీడ వచ్చాయి, కండలు ఇంకా రాలేదు. 1904–05లో జర్మన్ కండల వీరుడు యూజెన్ శాండో మన దేశంలో ప్రదర్శనలిచ్చాడు. తర్వాత బెంగళూరులో కె.వి. అయ్యర్ వ్యాయామశాల పేరు మోగింది. అద్దం ముందు ఒళ్లు చూసుకునే అలవాటు అనంతపురానికి దగ్గరిదాకా వచ్చింది. అయినా 1987–88 టీవీ రామాయణంలో హనుమంతుడైన దారాసింగ్ పహిల్వాను, నిండు ఛాతీ, నిండు పొట్ట. పలకలు ఆ తర్వాతివి: పోస్టర్లు, జిమ్ బోర్డులు, కంప్యూటర్ బొమ్మలు. ఆటోల వెనక కనిపించే కోపపు హనుమంతుడు 2015లో చిత్రకారుడు కరణ్ ఆచార్య గీసింది.

సిమెంటు పనివాడికి తనదైన కారణం కూడా ఉంది. 30 అడుగుల ఎత్తులో నునుపు ఛాతీ రోడ్డు మీంచి చూస్తే బల్లపరుపుగా అనిపిస్తుంది. గాడి తీస్తే నీడ పడి ఆకారం తెలుస్తుంది. ఆ నీడ పొట్ట మీదే పడాలని లేదు. హారం, యజ్ఞోపవీతం, నడుం పట్టీ లోతుగా తీసినా పడుతుంది. కింద నుంచి చూసేవారికి తల చిన్నదవుతుంది కాబట్టి ముఖాన్ని, భుజాలను లెక్కకన్నా కాస్త పెంచాలి. ఆర్డరు కాగితంలో పీఠం, దేహం, కిరీటం ఎత్తులు విడివిడిగా రాయించి, ముందు అడుగు ఎత్తు మట్టి నమూనా చేయించి, దాన్ని కంటికన్నా పైన పెట్టి కింద నుంచి చూడాలి. ఆళ్లగడ్డలో రాతి విగ్రహం చేయించినా ఎత్తుల లెక్క ఇట్లాగే రాయించాలి. సిమెంటు తప్పును పగలగొట్టి మళ్లీ పూయొచ్చు, రాయి కాళ్ల దగ్గర తగ్గితే కొత్త రాయి తేవాల్సిందే.