ఎక్స్‌రే బల్ల మీద ఆసరా

సీతమ్మధార,
విశాఖపట్నం.

ప్రియమైన పిల్లలకు,

మామ్మ ఆశీస్సులు. సైన్స్ ఎగ్జిబిషన్‌కి ఆసుపత్రిలో పనికొచ్చే వస్తువేదైనా చేయాలనుకుంటున్నామని, ఏం చేస్తే బాగుంటుందని అడిగారు. మీలో ఒకరు రోబో అన్నారు, ఇంకొకరు యాప్ అన్నారు. చేయండి, కాదనను. కానీ నా ఉద్యోగమంతా ఎక్స్‌రే గదుల్లోనే గడిచింది కాబట్టి నా మనసు వేరే వస్తువుల మీదికి పోతోంది. ఎక్స్‌రే తీసేటప్పుడు మనిషిని సరైన భంగిమలో, కదలకుండా, వీలైనంత నొప్పి లేకుండా ఉంచే ఆసరాలు. మోకాలి కింద పెట్టే దిమ్మ, కాలు ఎత్తి పెట్టే స్టాండు, చంటిపిల్లల్ని కూర్చోబెట్టే పీట, బొమ్మ పడే ప్లేటును నిలబెట్టే పట్టు, ఇలాంటివి. లక్షల రూపాయల మిషను గురించి అందరూ మాట్లాడతారు. దాని పక్కన గోడవారగా పడి ఉండే ఈ సామాను సంగతి ఎవరికీ పట్టదు. బొమ్మ సరిగ్గా వస్తుందా రాదా అన్నది మాత్రం చాలాసార్లు వీటి చేతిలోనే ఉంటుంది.

ముందు ఎక్స్‌రే సంగతి తెలియాలి. 1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ అనే శాస్త్రవేత్త ఈ కిరణాలను కనిపెట్టాడు. ఆ డిసెంబరులోనే తన భార్య చేతిని ప్లేటు మీద పెట్టించి బొమ్మ తీస్తే వేళ్ళ ఎముకలు, ఉంగరం కనిపించాయి. 1901లో ఫిజిక్స్‌లో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే ఇచ్చారు. ఇప్పుడు ఫిల్ములు పోయి, కిరణాలను పట్టి బొమ్మగా మార్చే పలకలు, అంటే డిజిటల్ డిటెక్టర్లు వచ్చాయి. అయినా ఎక్స్‌రే బొమ్మ అప్పుడూ ఇప్పుడూ ఒక నీడే. ఇది ఇంట్లోనే చూడొచ్చు. చీకటి గదిలో ఫోన్ టార్చి వెలిగించి గోడ ముందు చెయ్యి పెట్టండి. చెయ్యి గోడకు దగ్గరగా ఉంటే నీడ చెయ్యంతే ఉంటుంది, అంచులు తేటగా ఉంటాయి. టార్చి వైపు జరిపేకొద్దీ నీడ పెద్దదై, అంచులు మసకబారతాయి. అరచేతిని పక్కకు తిప్పితే వేళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే వేలులా కనిపిస్తాయి. కొంచెం కదిపితే మొత్తం చెదిరిపోతుంది.

అందుకే ఛాతీ ఎక్స్‌రేకి మనిషిని వెనక్కి తిప్పి, ఛాతీ డిటెక్టరుకు ఆనేలా నిలబెడతాం. గుండె ఛాతీలో ముందువైపు ఉంటుంది కదా, డిటెక్టరుకు దగ్గరగా ఉంటే దాని నీడ అసలు సైజుకు దగ్గరగా వస్తుంది. మంచం మీద పడుకున్న రోగికి ముందు నుంచి తీస్తే అదే గుండె పెద్దదిగా కనబడుతుంది. ఆ తేడా తగ్గించడానికే కిరణాలు పుట్టే ట్యూబును దాదాపు 180 సెంటీమీటర్ల దూరంలో పెడతాం. భుజాలు ముందుకు తోయమంటాం, లేకపోతే వీపు మీది రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీద పడి నీడలు వేస్తాయి. "ఊపిరి బాగా పీల్చి ఆపమ్మా, కదలకు" అని మేం అరవడం మీరు వినే ఉంటారు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఇదంతా ఒక్క నిమిషం పని. కానీ ఎక్స్‌రే గదికి వచ్చేది ఎవరు? బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి విరిగిన పెద్దావిడ, జ్వరంతో ఏడుస్తున్న ఏడాది పిల్లవాడు, వెన్ను వంగిపోయి వెల్లకిలా పడుకోలేని ముసలాయన. 1923లో మొదలైన మన కింగ్ జార్జ్ ఆసుపత్రికి శ్రీకాకుళం, విజయనగరం నుంచే కాదు, పాడేరు, అరకు కొండల నుంచీ, ఒడిశా నుంచీ జనం వస్తారు. ఎగుడుదిగుడు దారుల్లో గంటల తరబడి ఒళ్ళు హూనమై వచ్చిన మనిషిని "కదలకుండా ఉండు" అంటే ఎలా ఉంటాడు? కదిలితే బొమ్మ చెడుతుంది, మళ్ళీ తీయాలి. మళ్ళీ తీయడమంటే మళ్ళీ రేడియేషన్, మళ్ళీ అదే నొప్పి. ఒక్క ఛాతీ ఎక్స్‌రేలో వచ్చే రేడియేషన్ చాలా తక్కువే, మట్టి నుంచీ ఆకాశం నుంచీ మనకు ఏడాదంతా సహజంగా అందేదానిలో చిన్న వంతు. దానికి భయపడక్కర్లేదు. అయినా అక్కర్లేనిది కొంచెమైనా ఎందుకివ్వాలి?

చేతులతో పట్టుకోవచ్చు కదా అంటారేమో. మన దేశంలో ఎక్స్‌రే భద్రత చూసే అణుశక్తి నియంత్రణ మండలి ఈ విషయంలో స్పష్టంగా ఉంది. పిల్లల్నో, లేవలేనివాళ్ళనో పట్టుకోక తప్పకపోతే వెంట వచ్చిన పెద్దవాళ్ళు కిరణాలను ఆపే సీసపు తొడుగు, అంటే లెడ్ ఏప్రన్ వేసుకుని పట్టుకోవాలి, సిబ్బంది పట్టుకోకూడదు. అమ్మానాన్నలకు అది ఎప్పుడో ఒకసారి జరిగేది. సిబ్బంది రోజూ పట్టుకుంటే అది ఏళ్ళ తరబడి పోగవుతుంది. కాబట్టి పట్టుకునే పని వస్తువు చేయాలి. ఈ రంగంలో డిజైన్ అనేది ఇక్కడే మొదలవుతుంది.

తుంటి విరిగినవాళ్ళ ఎక్స్‌రే గురించి కాస్త వివరంగా చెబుతాను, నాకు అన్నిటికన్నా దిగులు పుట్టించేది అదే. ముందు నుంచి ఒక బొమ్మ తీస్తే సరిపోదు, విరిగిన ముక్క వెనక్కి జరిగిందో ముందుకు జరిగిందో తెలియాలంటే పక్క నుంచీ తీయాలి. మామూలుగా అయితే మనిషిని పక్కకు తిప్పేస్తాం. విరిగిన కాలిని తిప్పకూడదు. అందుకని మనిషిని వెల్లకిలానే ఉంచి, బాగున్న కాలిని మోకాలు వంచి పైకెత్తి, విరిగిన తొడ లోపలి వైపు నుంచి కిరణాలను అడ్డంగా, దాదాపు 45 డిగ్రీల ఏటవాలుగా పంపుతాం. డిటెక్టరు ఆ మనిషి నడుము పక్కన నిటారుగా నిలబడి ఉండాలి. ఎత్తిన కాలు గాల్లో ఉండాలి. దాన్ని ఎవరు ఆపాలి? డెబ్భై ఏళ్ళ మనిషికి బాగున్న కాలైనా అలా ఎత్తి పట్టుకునే సత్తువ ఉండదు. వణుకుతుంది. ఆ వణుకు నడుములోంచి విరిగిన కాలికి పాకుతుంది. స్టూలో, దిండ్లో, దుప్పటి చుట్టలో పెట్టి నెట్టుకొచ్చే చోట్లు ఎన్నో ఉన్నాయి.

అక్కడ కావలసింది బల్ల అంచుకు బిగిసే ఒక స్టాండు, దాని మీద పిక్క ఆనడానికి మెత్తటి దోనె. దోనె పైకీ కిందకీ జరగాలి, ఎందుకంటే పొట్టివాళ్ళ తొడ, పొడుగువాళ్ళ తొడ ఒకటి కాదు. ముందుకూ వెనక్కీ వాలాలి, ఎందుకంటే కీళ్ళు బిగుసుకుపోయిన వాళ్ళకి మోకాలు కొంతవరకే వంగుతుంది. కిరణాలు వెళ్ళే దారిలో స్టాండు కడ్డీ అడ్డు రాకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, టెక్నీషియన్ ఒక చేత్తో కాలిని పట్టుకుని, రెండో చేత్తోనే దాన్ని ఎత్తి లాక్ వేయగలగాలి. రెండు చేతులూ కావలసిన నాబు పెడితే ఆ స్టాండు మూలకు చేరి బూజు పడుతుంది.

మోకాలి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మోకాలి చిప్ప తొడ ఎముక చివర ఉండే గాడిలో సరిగ్గా కూర్చుందా, పక్కకు జారుతోందా అని చూడాలంటే మోకాలిని వంచి, తొడ పొడవునా చూసినట్టు బొమ్మ తీయాలి. మోకాలిని బాగా వంచితే చిప్ప గాడిలో లోతుగా దిగిపోయి, జారే చిప్ప కూడా బుద్ధిగా కూర్చున్నట్టు కనబడుతుంది. 1974లో మర్చంట్ అనే అమెరికన్ ఎముకల డాక్టరు, ఆయన తోటివాళ్ళు ఒక పద్ధతి చెప్పారు. రోగి వెల్లకిలా పడుకుంటాడు, తొడలు నేలకు సమాంతరంగా ఉంటాయి, మోకాళ్ళు బల్ల చివర 45 డిగ్రీలు వంగి పాదాలు కిందికి ఉంటాయి. కిరణాలు 30 డిగ్రీలు కిందికి వాలి వస్తాయి. డిటెక్టరు మోకాళ్ళకు కింద, ముంగాళ్ళ మీద ఉంటుంది. ఈ కోణాలన్నిటినీ నిలబెట్టడానికి సర్దుకునే ఒక ఫ్రేము కావాలి.

ఇందులో నాకు ఎంతో ఇష్టమైన విషయం ఒకటుంది. ఆ బొమ్మ నిజం చెప్పాలంటే తొడ ముందు కండరం పూర్తిగా వదులుగా ఉండాలి. కండరం బిగిస్తే అది చిప్పను గాడిలోకి లాగేస్తుంది, జబ్బున్న మోకాలు కూడా బాగున్నట్టు కనిపిస్తుంది. ఆసరా గట్టిగా గుచ్చుకున్నా, కాలు జారిపోతుందేమో అన్న టెన్షన్ ఉన్నా మనిషి తనకు తెలియకుండానే కండరం బిగిస్తాడు. అంటే ఇక్కడ రోగికి సుఖంగా ఉండడం మర్యాద కోసం చేసే పని కాదు, కొలత సరిగ్గా రావడానికి అదే ఆధారం. మెత్తటి ఆసరా పెడదాం అంటే "అవన్నీ పెద్ద ఆసుపత్రుల షోకులు" అనేవాళ్ళకి నేను ఈ మోకాలి సంగతే చెబుతాను.

అరిగిన మోకాళ్ళదీ ఇలాంటి కథే. రెండు ఎముకల మధ్య దిండులా ఉండే మెత్తటి పొర, అంటే మృదులాస్థి ఎక్స్‌రేలో కనబడదు, ఖాళీగానే కనిపిస్తుంది. పడుకోబెట్టి తీస్తే ఆ ఖాళీ బాగానే ఉన్నట్టుంటుంది. నిలబెట్టి, ఒంటి బరువు పడినప్పుడు తీస్తేనే ఎంత అరిగిందో బయటపడుతుంది. మోకాళ్ళు 45 డిగ్రీలు వంచి నిలబెట్టి తీస్తే కొన్ని అరుగుదలలు ఇంకా బాగా తెలుస్తాయని రోజెన్‌బర్గ్, ఆయన సహచరులు 1988లో చూపించారు. నొప్పి మోకాళ్ళతో అలా గొంతుకు కూర్చోబోతున్నట్టు నిలబడమంటే పట్టుకోవడానికి కడ్డీలు లేకుండా కుదురుతుందా? కడ్డీల ఎత్తు మనిషిని బట్టి మారాలి. పాదాల కింద ఒక ఎత్తు పీట కూడా కావాలి, ఎందుకంటే చాలా మిషన్లలో ట్యూబు నేల దాకా దిగదు.

సర్దుకోవడం అనగానే ఎటుపడితే అటు తిరిగేలా చేయడం అనుకోకండి. ఆరు నెలల తర్వాత అదే మోకాలికి మళ్ళీ తీసి పాత బొమ్మతో పోల్చాలి. మొదటిసారి ఎన్ని డిగ్రీలు వంచామో, మళ్ళీ అన్నే వంచాలి. కాబట్టి ప్రతి మడత దగ్గరా డిగ్రీల గీతలు చెక్కి ఉండాలి, చీకటిగా ఉన్నా చదవగలిగేంత పెద్దగా. బరువు మోసే చోట గాట్లలో పడే పిన్ను పెట్టండి, అది జారదు. సన్నగా సర్దాల్సిన చోట మాత్రమే రాపిడితో బిగిసే నాబు పెట్టండి, అది బిగించడం మరిచిపోయినా మనిషి పడిపోకుండా కింద ఒక అడ్డు ఉంచండి. వైద్య విద్యుత్ పరికరాల అంతర్జాతీయ ప్రమాణంలో, రోగి బరువు వేరుగా చెప్పని చోట 135 కిలోలని లెక్క కడతారు. మీరు చేసే పీట మీద మీ క్లాసులో సన్నటి పిల్లవాణ్ణి నిలబెట్టి సరిపోయిందనుకోకండి.

ఇక దేనితో చేయాలి? పరమాణు సంఖ్య పెరిగేకొద్దీ పదార్థం ఈ కిరణాలను మింగడం చాలా వేగంగా పెరుగుతుంది. కార్బన్‌ది 6, అల్యూమినియంది 13, ఎముకలోని కాల్షియంది 20, ఇనుముది 26, సీసానిది 82. కిరణాల దారిలో ఒక్క ఇనుప స్క్రూ ఉన్నా అది బొమ్మలో తెల్లగా పడి కూర్చుంటుంది. అందుకే ఎక్స్‌రే బల్లల పైభాగాలను కార్బన్ ఫైబర్‌తో చేస్తారు, దిమ్మలను ఫోమ్‌తో కోస్తారు. ఫోమ్ అంచులు నిటారుగా ఉంటే బొమ్మలో సన్న గీతలా పడే అవకాశం ఉంది, ఏటవాలుగా కోయండి. కదలకుండా బరువుకి పెట్టే ఇసుక సంచులు ఎప్పుడూ కిరణాల దారికి బయటే ఉండాలి. ఫోమ్‌కి అతుకుల్లేని రెగ్జిన్ తొడుగు వేయించండి. రక్తమో, బొమ్మ బాగా కనిపించడానికి ఇచ్చే బేరియం మందో కుట్టు సందుల్లోంచి లోపలికి ఇంకితే, శుభ్రం చేయలేం సరికదా, ఆ బేరియం మరక తర్వాతి రోగి బొమ్మలో రోగంలా కనబడుతుంది. ఇక మన ఊరి ఉప్పు గాలి తెలుసుగా, బీచ్ రోడ్డు ఇళ్ళ గ్రిల్స్ ఎలా తుప్పు పడతాయో చూస్తూనే ఉన్నారు. మామూలు ఇనుప గొట్టానికి రంగు వేసి సరిపెడితే గాట్లలో తుప్పు పట్టి లాక్ బిగుసుకుపోతుంది. కదిలే భాగాలు స్టెయిన్‌లెస్ స్టీలువి పెట్టండి.

చంటిపిల్లల ఆసరా గురించి ఒక్కమాట. చిన్న సీటు మీద నిటారుగా కూర్చోబెట్టి, రెండు వైపులా పారదర్శకమైన ప్లాస్టిక్ దోనెలతో పిల్లవాడి ఒంటిని, పైకెత్తిన చేతులను మృదువుగా పట్టి ఉంచే పరికరాలున్నాయి. చూడటానికి బాధగా ఉంటుంది, తల్లులు కంగారు పడతారు. కానీ ఒక్కసారిలో పని అయిపోతుంది. పారదర్శకంగా ఉండటం వల్ల తల్లి ముఖం పిల్లవాడికి కనబడుతుంది, పిల్లవాడు ఎప్పుడు ఊపిరి పీలుస్తున్నాడో మాకు కనబడుతుంది.

ఇలాంటివి తయారు చేసేవాళ్ళు ఎక్కడో ఉంటారనుకోకండి. వైద్య పరికరాల తయారీకే ప్రత్యేకంగా పెట్టిన మెడ్‌టెక్ జోన్ మన విశాఖలోనే ఉంది. 2018 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్య పరికరాల మీద నాలుగో అంతర్జాతీయ సదస్సును అక్కడే జరిపింది. గాజువాక ఆటోనగర్‌లో లేత్ పని, వెల్డింగ్ పని చేతికి వచ్చినవాళ్ళకు కొదవ లేదు. అమ్మాలంటే 2017 వైద్య పరికరాల నిబంధనలు ఉన్నాయి, ప్రమాదాన్ని బట్టి పరికరాలను నాలుగు తరగతులు చేశారు. మీకిప్పుడు అది అవసరం లేదు, తెలిసి ఉంటే చాలు.

ఇప్పుడు మీ పని. ఎక్స్‌రే జోలికి పోనక్కర్లేదు. ఇంట్లో చిన్నవాళ్ళ నుంచి తాతయ్యల దాకా అడిగి, పాదం నుంచి మోకాలికి, మోకాలి నుంచి తుంటికి పొడవులు టేపుతో కొలిచి రాసుకోండి. అందరికన్నా పొట్టి కొలతకూ, అందరికన్నా పొడుగు కొలతకూ సరిపోయేలా గీయండి. ముందు అట్టముక్కలతో, పాత ఫోమ్‌తో నమూనా చేయండి. మోకాళ్ళ నొప్పులున్న మీ నానమ్మను పడుకోబెట్టి, కాలు దాని మీద పెట్టి రెండు నిమిషాలు ఉంచి, "ఎక్కడ ఒత్తుకుంటోంది?" అని అడగండి. తొడ కండరం మీద మెల్లగా చెయ్యి వేసి చూడండి, వదులుగా ఉందా, బిగిసి ఉందా అని. బిగిసి ఉంటే ఆసరా ఎత్తు మార్చి మళ్ళీ చూడండి. నమూనా సిద్ధమయ్యాక మా ఇంటికి పట్టుకురండి, నాతో పనిచేసిన టెక్నీషియన్లను పిలుస్తాను, తప్పులు వాళ్ళే చెబుతారు. దిమ్మ అడుగున మాత్రం రబ్బరు షీటు అతికించి తీసుకురండి, ఎక్స్‌రే బల్ల నున్నగా ఉంటుంది, జారిపోతుంది.

ప్రేమతో,
మీ మామ్మ