కుదురు ఇచ్చేది, కొన పోగొట్టుకునేది

మా మేనల్లుడి మెడ వెనక ఒక పాయ పట్టుకుని కొనదాకా సాగదీసి కొలిస్తే 39 సెంటీమీటర్లు వచ్చింది. వదిలేస్తే ఉంగరాలు చుట్టుకుని 22 దగ్గర ఆగింది. నుదుటి పైనున్న పాయ మాత్రం ఎంత సాగదీసినా 29 దాటలేదు. ఈ మూడు అంకెలూ కాగితం మీద వేసుకుని వాడి ప్రశ్నకి జవాబు వెతకడం మొదలుపెట్టాను.

ఒడిశాలోని పర్లాకిమిడిలో జీవశాస్త్రం పాఠాలు చెప్పుకునేదాన్ని. రథయాత్రకి పుట్టింటికి గుణుపురం వెళ్తే, బండి దిగిన సాయంత్రమే వాడు పట్టుకున్నాడు. "అత్తా, ఉంచీమంటావా, తీయించీమంటావా?" కత్తెర ఆపి 32 నెలలైంది. ఒత్తైన గిరజాల జుట్టు, భుజాలు దాటింది. ఉద్యోగాల ఇంటర్వ్యూలు దగ్గర పడుతున్నాయి, తీయించెయ్యమని మా వదిన. "ఏట్రా ఆ జులపాలు, అప్పన్నకి మొక్కేమైనా ఉందేటి?" అని మా అమ్మ. మా ఇళ్ళలో మగపిల్లాడు జుట్టు పెంచితే సింహాచలం మొక్కే గుర్తొస్తుంది మరి. పక్కింటి ఒడియా ఆవిడ మాత్రం "కుంచుకుంచియా బాళ" (ఉంగరాల జుట్టు) అంటూ ముచ్చటపడి, ముట్టుకుని చూస్తుంది. వాడికి వీళ్ళెవరి మాటా చాలలేదు. దువ్వినప్పుడల్లా చేతికి ఊడొస్తున్న వెంట్రుకలు చూసి భయపడుతున్నాడు. ఉంచాలా, తీయాలా అన్నది వాడి ఇష్టం. ఉంచితే నిలుస్తుందా అన్నది మాత్రం లెక్క. ఆ లెక్కలో నేను సాయపడగలను.

తల వెంట్రుక రోజుకి మిల్లీమీటరులో మూడో వంతు పెరుగుతుంది. నెలకి ఒక సెంటీమీటరు, మహా అయితే ఒకటింపావు. ఏ నూనె రాసినా ఈ వేగంలో పెద్ద తేడా రాదు. 32 నెలలకి 32 నుంచి 40 సెంటీమీటర్లు పెరగాలి. కత్తెర ఆపిన రోజు ఉన్న మూడు సెంటీమీటర్లు కలుపుకుంటే 35 నుంచి 43. మెడ వెనక 39 ఉంది కాబట్టి అక్కడ లెక్క సరిపోయింది. నుదుటి దగ్గర 29 అంటే కనీసం ఆరు సెంటీమీటర్లు ఎక్కడో పోయాయి. అక్కడ జుట్టు పెరగక కాదు, పెరిగింది తెగిపోతోంది. "నా జుట్టు ఇంతకన్నా పెరగదు" అనేవాళ్ళలో చాలామంది సంగతి ఇదే. కుదురు తన పని తాను చేస్తూనే ఉంటుంది, కొన దగ్గర నష్టం జరుగుతూ ఉంటుంది. రెండూ సమానమైన రోజున జుట్టు పొడవు ఆగిపోతుంది.

పెరుగుదలకీ ఒక హద్దు ఉందన్న మాట నిజమే. ఒక్కో వెంట్రుకకీ ఒక్కో ఆయుష్షు. రెండు నుంచి ఆరేళ్ళు పెరుగుతుంది, రెండు మూడు వారాల్లో పెరుగుదల ఆగిపోతుంది, తర్వాత మూడు నెలలపాటు ఊరికే కుదుట్లో ఉండి రాలిపోతుంది. తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. రోజుకి యాభై నుంచి వంద రాలడం మామూలే. తిన్నని జుట్టయితే ఏ రోజువి ఆ రోజే నేల మీద పడతాయి. గిరజాల జుట్టులో అలా కాదు. రాలినవి ఉంగరాల్లో చిక్కుకుని అక్కడే ఉండిపోతాయి. మూడు రోజులకోసారి తలంటుకుంటే మూడు రోజులవీ ఒకేసారి చేతిలోకి వస్తాయి. వాడు భయపడ్డది అందుకే.

భయం తీరాలంటే చూడాలి కదా. వారం రోజులు దువ్వెనకి వచ్చినవన్నీ పొట్లం కట్టి దాచమన్నాను. తెల్ల కాగితం మీద పరిచి భూతద్దంతో చూశాం. ఒక కొసన ఆవగింజ కన్నా చిన్న తెల్లటి బుడిపె ఉన్నది తన ఆయుష్షు తీరి రాలిన వెంట్రుక. బుడిపె లేకుండా పొట్టిగా ఉన్నది మధ్యలో తెగిన ముక్క. మొదటి రకం ఎన్నున్నా దిగులు లేదు, దాని కుదుట్లోంచి మరొకటి వస్తుంది. వాడి పొట్లంలో మూడో వంతు దాకా తెగిన ముక్కలే. ఎక్కువ భాగం నడినెత్తి ముడిలోంచి వచ్చినవి. హెల్మెట్ పట్టడం కోసం, కాలేజీలో పొందిగ్గా కనపడటం కోసం రోజూ ఒకే చోట రబ్బరు బ్యాండు బిగించి సిగ వేస్తున్నాడు. నుదుటి వెంట్రుకలు రోజంతా వెనక్కి లాగినట్టే ఉంటున్నాయి. ఇలా ఏళ్ళ తరబడి లాగితే తెగడంతో పోదు. కుదురే దెబ్బతిని నుదురు వెనక్కి జరుగుతుంది, ముదిరితే ఆ జుట్టు తిరిగి రాదు కూడా. బిగుతు జడలు వేసుకునే ఆడపిల్లల చెంపల దగ్గర నేను చాలాసార్లు చూసిన సంగతే ఇది.

అసలు గిరజాలే ఎందుకు ఎక్కువ తెగుతాయి? తిన్నని వెంట్రుక పుట్టే కుదురు చర్మంలో నిటారుగా దిగి ఉంటుంది. ఉంగరాల వెంట్రుకది అడుగున వంకీ తిరిగి ఉంటుంది. అందులోంచి వచ్చే వెంట్రుకని అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే గుండ్రంగా కాక కోలగా కనిపిస్తుంది. లోపలి కణాల అమరిక కూడా రెండు పక్కలా ఒక్కలా ఉండదు. ఒక పక్కే ఎండిన తాటాకు మెలిక తిరుగుతుందే, దాదాపు అలాంటి పనే ఇక్కడా జరుగుతుంది. ఈ ఆకారాన్ని కెరటిన్ అనే ప్రొటీన్ పోగుల మధ్య ఉన్న గంధకపు బంధాలు గట్టిగా పట్టి ఉంచుతాయి. తలంటుకున్నంత మాత్రాన అవి ఊడవు. వాటిని విప్పాలంటే సెలూన్లో రసాయనాలు కావాలి. విప్పాక వెంట్రుక మునుపటంత బలంగా ఉండదు. అందుకే స్ట్రెయిటెనింగ్ ఆలోచన మాత్రం మానుకోమన్నాను. తడి ఆరకుండా వేడి ఇస్త్రీ పెడితే మరీ ప్రమాదం. వెంట్రుక లోపలి నీరు ఆవిరై బుడగలు కట్టి అక్కడే విరుగుతుంది.

మెలిక తిరిగిన ప్రతిచోటా వెంట్రుక మీద ఒత్తిడి పడుతుంది. పైగా మాడు మీద ఊరే చమురు తిన్నని వెంట్రుక మీదయితే సులువుగా కిందికి జారుతుంది. ఉంగరాల్లో మెట్టు మెట్టుకీ ఆగిపోయి కొనదాకా చేరదు. మాడు జిడ్డుగా, కొనలు పీచులా ఉండటానికి కారణం అదే. ఆ కొన వయసెంతో కూడా గుర్తు పెట్టుకోవాలి. చర్మం దాటి బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణమున్న కణం ఒక్కటీ ఉండదు, దెబ్బ తగిలితే మానదు. మా వాడి కొన రెండు వానాకాలాలు తడిసి, మూడు వేసవులు ఎండి, కొన్ని వందలసార్లు దువ్వెన తిన్నది. వెంట్రుక పైన పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కప్పుకున్న పల్చటి పొరలు ఐదు నుంచి పది దాకా ఉంటాయి. కుదురు దగ్గర అన్నీ ఉంటాయి. కొన దగ్గరికి వచ్చేసరికి అరిగి, ఒక్కోచోట అసలు లేకుండా పోయి, లోపలి పోగులు బయటపడి చిట్లుతాయి. చిట్లిన కొనని అతికించే మందు లేదు. అక్కడ కత్తెర ఒక్కటే దారి.

ఇక మా ప్రాంతపు గాలి సంగతి. వంశధార ఒడ్డున ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా గాలిలో చెమ్మ తగ్గదు. వెంట్రుకకి చెమ్మ ఎంత తెలుసంటే, 1783లో జెనీవాకి చెందిన సొస్యూర్ అనే శాస్త్రవేత్త మనిషి వెంట్రుకతోనే గాలి చెమ్మని కొలిచే పరికరం చేశాడు. పూర్తి పొడి గాలి నుంచి పూర్తి తేమ గాలిలోకి వస్తే వెంట్రుక నూటికి రెండు, రెండున్నర వంతులు సాగుతుంది. ఆ సాగుడుకి ముల్లు కదిలేలా అమర్చాడు. వాతావరణ కేంద్రాల్లో చాలాకాలం ఇలాంటివే వాడారు. వెంట్రుకలో గంధకపు బంధాలతో పాటు, నీళ్ళు తగిలితే విడిపోయి ఆరితే మళ్ళీ కట్టుకునే హైడ్రోజన్ బంధాలు కూడా ఉంటాయి. వాన గాలిలో అవి గంటగంటకీ సర్దుకుంటాయి. ఒక్కో ఉంగరం ఒక్కో దారి పట్టి జుట్టంతా రేగిపోతుంది. అది జబ్బు కాదు.

జబ్బు తెచ్చేది తడి జుట్టు ముడి. ఇక్కడ కాస్త గట్టిగానే చెప్పాను. ఒక్కో వెంట్రుక మందం మిల్లీమీటరులో వందకి ఏడు వంతులు అనుకుంటే, 40 సెంటీమీటర్ల లక్ష వెంట్రుకలు రెండు వందల గ్రాముల బరువుంటాయి. తడిస్తే వెంట్రుకల్లోకే అరవై గ్రాముల దాకా నీరు ఇంకుతుంది, ఉంగరాల మధ్య నిలిచేది వేరు. వానాకాలంలో అది ఆరడానికి పూటంతా పడుతుంది. వాడు రాత్రి తలంటుకుని, ముడేసుకుని పడుకుంటున్నాడు. చుండ్రుకి కారణమయ్యే మాలసీజియా అనే ఈస్ట్‌కి వెచ్చదనం, తేమ, మాడు మీది కొవ్వు ఉంటే చాలు. తడి జుట్టు రోజూ ముడేస్తే కొందరిలో వెంట్రుకల మీదే తెల్లటి గింజల్లాంటి బూజు కూడా పడుతుంది. వాటిని ఈపులనుకుని పేలమందు రాస్తూ ఉండిపోయేవాళ్ళున్నారు.

అందుకని తలంటు పొద్దుటి పూటకి మార్చాం. తువ్వాలుతో రుద్దడం మానిపించి, నాన్న పాత నూలు పంచె చింపి ఇచ్చాను. దాంతో అద్దుకోవడమే. దువ్వడం కూడా పొడి జుట్టు మీద వద్దన్నాను. తిన్నని జుట్టు ఆరాక దువ్వితే మంచిది, గిరజాలు తడిగా, జారుడుగా ఉన్నప్పుడే, ఎడంపళ్ళ దువ్వెనతో, కొన నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళాలి. కొబ్బరినూనె తలంటుకి ముందు రాయమన్నాను, అదీ మాడుకి కాదు, జుట్టు పొడవునా. మా అమ్మకి ఈ మాట నచ్చలేదు. కానీ చుండ్రున్న మాడు మీద నూనె పోస్తే ఆ ఈస్ట్‌కి మేత వేసినట్టే. పొడవునా రాస్తే లాభం ఉందని 2003లో వచ్చిన ఒక భారతీయ పరిశోధన చూపింది. తలంటుకి ముందు కొబ్బరినూనె పట్టించిన వెంట్రుకలు తక్కువ ప్రొటీన్ పోగొట్టుకున్నాయి. పొద్దుతిరుగుడు నూనెకీ, పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్‌కీ ఆ గుణం కనిపించలేదు. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం చిన్నది, తిన్ననిది కావడంతో వెంట్రుక లోపలికి వెళ్ళగలుగుతుంది. మన పెద్దవాళ్ళు తలంటుకి ముందే నూనె రాయడం ఎంత సరైన పనో అది చదివాక నాకు అర్థమైంది.

"పోనీ ఒకసారి గుండు కొట్టించేస్తే? మళ్ళీ ఒత్తుగా వస్తుంది" అంది వదిన. రాదు. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త, గీసినంత మాత్రాన వెంట్రుక మందంగానీ, పెరిగే వేగంగానీ మారవని కొలిచి చూపింది. కొత్తగా వచ్చేటప్పుడు కొన సన్నగా కాక మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుగ్గా తగులుతుంది, అంతే. మొక్కుంటే గుండు కొట్టించుకోవాలి, ఒత్తు కోసం అక్కర్లేదు. జుట్టు పెంచితే బట్టతల వస్తుందన్న మాట కూడా అంతే. మగవాళ్ళ బట్టతల తల్లి వైపు నుంచీ, తండ్రి వైపు నుంచీ వచ్చే అనేక జన్యువుల పని. నుదుటి మూలల్లో వెంట్రుకలు నూగులా సన్నబడుతున్నాయేమో చూశాను. మా వాడికి ఇంకా ఆ సూచన లేదు.

వేసవి గురించి వాడే అడిగాడు, ఇంత జుట్టు ఉంటే వేడి కదా అని. ఉక్కగా అనిపించే మాట నిజమే. కానీ 2023లో వేడి కొలిచే బొమ్మ తల మీద రకరకాల విగ్గులు పెట్టి, పైనుంచి ఎండలాంటి దీపం వేసి చూస్తే, ఎండ వేడిని నెత్తికి తక్కువగా చేరనిచ్చినది బాగా చుట్టలు తిరిగిన జుట్టే. ఉంగరాల మధ్య నిలిచే గాలి గొడుగులా పనిచేస్తుంది. మెడ మీద పరుచుకున్న జుట్టు ఉక్కపెడితే ఎత్తి వదులుగా కట్టుకుంటే సరి.

మగాడికి జుట్టేంటి అన్నవాళ్ళకి నేను చెప్పిన జవాబు ఒకటే. బుధవారం బిస్సంకటక్ దగ్గర చాటికొణ సంతకి వెళ్ళి చూడండి. నియమగిరి కొండలు దిగి వచ్చే డొంగరియా కొంధు గిరిజనుల్లో మగవాళ్ళు పొడుగు జుట్టు ముడేసి, దువ్వెన గుచ్చుకుని, పిన్నులు పెట్టుకుని ఎంత అందంగా ఉంటారో. అదే మల్కనగిరి కొండల మీద బోండా తెగ ఆడవాళ్ళు తల గొరిగి పూసలు చుట్టుకుంటారు. మన రెండు జిల్లాల లోపలే ఇన్ని పద్ధతులున్నాయి.

చివరికి వాడే తేల్చుకున్నాడు. మూడు నెలలు రబ్బరు బ్యాండు మానేసి, మెత్తటి గుడ్డ బ్యాండుతో మెడ దగ్గర వదులుగా కట్టుకుని చూస్తానన్నాడు. అప్పటికీ నుదుటి పాయ సాగకపోతే భుజాల పైకి తీయించేస్తానన్నాడు. ఈలోగా జ్వరం వస్తే మాత్రం ఆ లెక్క వేరుగా చూడాలని చెప్పి వచ్చాను. మలేరియాలాంటి గట్టి జ్వరం వస్తే వెంట్రుకలు ఒక్కసారిగా పెరుగుదల ఆపి, రెండు మూడు నెలల తర్వాత కట్టలుగా రాలతాయి. జ్వరం సంగతి అప్పటికి మరిచిపోయి ఉంటాం, నింద షాంపూ మీద పడుతుంది. రాయగడలో పనిచేసిన రోజుల్లో నాకూ అలాగే జరిగింది, ఆరేడు నెలలకి మళ్ళీ వచ్చింది.

దసరాకి వెళ్ళినప్పుడు అదే టేపు తీశాం. మెడ వెనక 42. నుదుటి దగ్గర 32. రెండు చోట్లా మూడేసి సెంటీమీటర్లు, కుదురు ఇచ్చినదంతా నిలిచింది. టేపు చుట్టేస్తూ వాడు, పంచె ముక్క చిరిగిపోయింది, ఇంకొకటి ఉందా అని అడిగాడు. నేను లేచేలోపే అమ్మ లోపలికెళ్ళి, పెట్టెలోంచి నాన్న పంచె మరొకటి తెచ్చి వాడి ఒళ్ళో పెట్టింది.