ఎక్స్‌పోర్ట్ కార్లు: టీ కొట్టు అపోహలు, లైను మీద వాస్తవాలు

పెనుకొండ దగ్గర కార్లకు వైరింగ్ హార్నెస్ చేసే ఒక వెండర్ కంపెనీలో క్వాలిటీ చూస్తాను. హార్నెస్ అంటే బ్యాటరీ నుంచి లైట్లు, మీటరు, ఏసీ దాకా కరెంటు మోసే వైర్ల కట్ట. 2019లో ఇక్కడి కియా ఫ్యాక్టరీ నుంచి కార్లు బయటికి రావడం మొదలైనప్పటి నుంచి, ఇక్కడ చేసి ఎగుమతి చేసే కార్ల గురించి పెళ్ళిళ్ళలో, టీ కొట్ల దగ్గర ఇవే మాటలు వింటున్నా. (2022లో మా జిల్లా శ్రీ సత్యసాయి అయింది, కియా మాత్రం ఇంకా అనంతపురం ప్లాంటనే అంటుంది.)

అపోహ: ఇక్కడే చేస్తారు కాబట్టి ఇక్కడ చౌకగా రావాలి.

"ఏం అల్లుడూ, మన పెనుకొండ కారే గదా, ఒక లక్ష తగ్గించి ఇప్పించలేవా?" అని మా మామ ఇప్పటికీ అడుగుతాడు. ఇప్పించలేను మామా. ఫ్యాక్టరీ గేటు దగ్గర కార్లు అమ్మరు, డీలరు దగ్గరే కొనాలి. పక్క ఊరివాడైనా జీఎస్టీ, లైఫ్ ట్యాక్స్ కట్టాల్సిందే. విదేశానికి పోయే కారు మీద మన జీఎస్టీ భారం ఉండదు, దిగిన చోట ఆ దేశం పన్నులు పడతాయి.

అపోహ: మంచివి బయటికి పంపి, నాసిరకం మనకు అంటగడతారు.

ఈ మాట ఊరికే పుట్టలేదు. 2014లో కార్ల భద్రతను పరీక్షించి స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు ఇండియాలో అమ్మే ఐదు చిన్న కార్లను గుద్దించి చూస్తే ఐదింటికీ సున్నా స్టార్లే వచ్చాయి. అప్పట్లో ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి కాదు. ఇప్పుడు ముందు సీట్లు రెండింటికీ ఉండాల్సిందే. 2023 అక్టోబరు నుంచి మనకే భారత్ ఎన్‌క్యాప్ ఉంది. కొనేముందు స్టార్లు చూడండి. కారు ఎక్కడికి ఎగుమతి అవుతోందన్నది ఆ తర్వాతి మాట.

లైను మీద రెండు రకాల మనుషులు, రెండు రకాల స్క్రూలు ఉండవు. మన కారు వెనకే గల్ఫ్ కారు వస్తుంది. తేడా అంతా ఆ దేశం రూల్స్‌లో ఉంటుంది. గల్ఫ్‌కు, మెక్సికోకు స్టీరింగ్ ఎడమ వైపు. దక్షిణాఫ్రికాకు మనలాగే కుడి వైపు. మనకు వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటితే బీప్ కొట్టాలి, అది మన దేశపు రూలు. స్టీరింగ్ పక్క మారితే డ్యాష్‌బోర్డు హార్నెస్ మొత్తం మారుతుంది, పార్ట్ నంబరు వేరే.

మా పని చూస్తే ఈ అనుమానం సగం పోతుంది. బోర్డు మీద వైర్లు పరిచి, కనెక్టరులో టెర్మినల్ (వైరు చివర లోహపు ముక్క) దూర్చి, టక్ మన్నాక ఒకసారి వెనక్కి లాగి చూడాలి. పుష్, క్లిక్, పుల్. ఆ వైరు అనంతపురానికా, దుబాయికా అని చేస్తున్న అమ్మాయి ఆలోచించదు, ఆలోచించే తీరికా ఉండదు. మా టెన్షనంతా లేబుల్ గురించే. లెఫ్ట్ హ్యాండ్ (స్టీరింగ్ ఎడమ వైపున్న కారు) పార్టు రైట్ హ్యాండ్ బిన్నులో పడిందంటే అవతల కార్లు బిగించే లైను ఆగుతుంది. ఇక ఫోన్లు ఆగవు.

అపోహ: సముద్రం లేని సీమ నుంచి ఎగుమతులేంటి?

44వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంది, రైలు ఉంది, చెన్నై రేవు ఒక్క రోజు దారి. కార్లను ఓడలోకి క్రేన్‌తో ఎత్తరు, నడుపుకుంటూ ఎక్కిస్తారు. ఫ్యాక్టరీకి అసలు కష్టం నీళ్ళది. హంద్రీ-నీవా నీళ్ళు గొల్లపల్లి రిజర్వాయరుకు చేరకపోతే ఈ ఫ్యాక్టరీ మాటే లేదు.

అపోహ: అన్నీ కొరియా నుంచి వస్తాయి, ఇక్కడ బిగించడమే.

ప్రెస్ షాపు, బాడీ, పెయింటు, ఇంజన్ షాపు అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఏడాదికి 3 లక్షల కార్ల కెపాసిటీ. పైగా విడిభాగాల కిట్లు ఇక్కడి నుంచే ఉజ్బెకిస్తాన్, ఈక్వెడార్, వియత్నాంలకు పోతాయి, బిగించడం అక్కడ. అయితే చిప్పులు, మోటార్లలో వాడే అరుదైన లోహాల అయస్కాంతాలకు మనం ఇంకా బయటి దేశాల మీదే ఆధారపడ్డాం. 2025 ఏప్రిల్‌లో చైనా ఆంక్షలు పెట్టగానే దేశంలోని కార్ల కంపెనీలన్నీ ఉలిక్కిపడ్డాయి.

అపోహ: మన కార్లు పేద దేశాలకే పోతాయి.

2024-25లో దేశం నుంచి దాదాపు 7.7 లక్షల ప్యాసింజర్ వాహనాలు బయటికి పోయాయి. అందులో 3.3 లక్షలు ఒక్క మారుతీవే. మారుతీ ఫ్రాంక్స్, హోండా ఎలివేట్ ఇక్కడ చేసి జపాన్‌కే అమ్ముతున్నారు. కార్లకు పేరుపడ్డ దేశం మన కారు కొంటోందంటే నాకైతే అదే సర్టిఫికెట్.

ఎగుమతి అంటే స్థిరమైన ఆదాయం అని మాత్రం అనుకోకండి. తనతో వాణిజ్య ఒప్పందం లేని దేశాల కార్ల మీద 50 శాతం దాకా సుంకానికి మెక్సికో 2025 డిసెంబరులో ఒప్పుకుంది, మనమూ ఆ లెక్కలోకే వస్తాం. అలాంటి వార్త వచ్చిన వారం మేం షెడ్యూలు తెరిస్తే ముందు చూసేది లెఫ్ట్ హ్యాండ్ కాలమ్‌నే.